ఒక కన్ను మూసిన పెట్టె

బరంపురం అంకులిలో మా వీధి కుర్రాళ్లు ఈ మధ్య కారు డిక్కీలో పెట్టుకునే బేస్ పెట్టె ఒకటి కట్టుకుని, నాకు చూపించడానికి మోసుకొచ్చారు. కొలతలన్నీ ఫోనే చెప్పిందట. స్పీకరు పేరు కొడితే చాలు, పెట్టె ఎంత ఉండాలో, గొట్టం ఎంత పొడుగో లెక్కగట్టి ఇచ్చేస్తుందట. పని శుభ్రంగానే ఉంది. చెయ్యి వేసి తట్టి, దీన్ని ఏ శ్రుతికి కట్టారురా అని అడిగాను. ఫోను చెప్పింది కదా తాతా అన్నారు. ఫోనుకి తెలుసు సరే, నీకేం తెలిసింది అన్నాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదువుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

నేను బరంపురంలో ఒక సౌండు దుకాణంలో పెట్టెలు కట్టిన మేస్త్రిని. మొదట తలుపులు, బీరువాలు చేసేవాణ్ని. తర్వాత స్పీకరు పెట్టెల్లోకి దిగాను, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. మీ అమ్మానాన్నల పెళ్లి ఊరేగింపులో కిటికీ రెక్కలు గడగడలాడాయని ఇంట్లో ఎవరైనా చెబితే, అందులో నా చెయ్యి ఉండొచ్చు. నా చెవులు మాత్రం ఇంకా బాగానే ఉన్నాయి. నాతో మాట్లాడేటప్పుడు అరవనక్కరలేదు.

ముందు శ్రుతి అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ఖాళీ సీసా మూతి దగ్గర పెదవి ఆనించి ఊదండి. హూమ్ అంటుంది. సగం నీళ్లు పోసి ఊదండి, స్వరం పైకి పోతుంది, ఎందుకంటే లోపల గాలికి చోటు తగ్గింది. అదే సీసా మెడ ఇంకా పొడుగైతే స్వరం కిందికి దిగుతుంది, మెడలో ఉన్న గాలి బరువెక్కి కదలడానికి బద్ధకిస్తుంది కాబట్టి. బేస్ పెట్టె కూడా అంతే. లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తుంది, గొట్టంలో గాలి దానికి వేలాడే బరువు. ఈ రెండూ కలిసి ఊగే స్వరం ఒకటుంటుంది. పెట్టె శ్రుతి అంటే అదే. పెట్టె పెద్దదైతే శ్రుతి దిగుతుంది. గొట్టం పొడుగైతే దిగుతుంది. గొట్టం నోరు పెద్దదైతే ఎక్కుతుంది.

ఆ శ్రుతి దగ్గర స్పీకరు కోను, అంటే ముందు ఊగే అట్ట గరాటు, దాదాపు కదలదు, పనంతా గొట్టంలోని గాలే చేస్తుంది. అంతకన్నా పై స్వరాల్లో లోపలి గాలి కోనును పట్టి ఉంచుతుంది. శ్రుతి కన్నా కిందికి వెళ్లారా, గాలి పట్టు వదిలేస్తుంది. గొట్టంలోంచి గాలి ఊరికే అటూ ఇటూ తిరుగుతుంది, కోనేమో అసలు పెట్టే లేనట్టు కొట్టుకుంటుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, దీని మీదే ఒక మనిషి బతుకు ఆధారపడింది.

మా దుకాణంలో అన్ని బేస్ పెట్టెలకీ ఒకటే కొలత. ఒక్కో పెట్టెలో పెద్ద స్పీకరు ఒకటి, కింద రెండు గుండ్రటి గొట్టాలు. వాటిని మేం కళ్లు అనేవాళ్లం. యజమానికి దెబ్బ గుండెకి తగలాలి, అంతే. పెళ్లి పాటల్లో దెబ్బ ఎక్కడుంటుందో అక్కడికే శ్రుతి కట్టేవాళ్లం. దానికి ఎవరూ వంక పెట్టలేదు, మేమూ మార్చలేదు.

నాతో పాటు పనిచేసినవాడు కొడల నుంచి వచ్చిన ఒడియా మనిషి, చిరిగిన స్పీకర్లకు కొత్త కోను, దాన్ని కదిపే తీగచుట్ట, అంటే కాయిలు, వేసేవాడు. సగం ఒడియా, సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఏదైనా పాడైతే నా పెట్టెల మీద నెట్టేవాడు, నేను అతను కోను అంటించే గమ్ము మీద నెట్టేవాణ్ని. పొద్దున్నంతా ఇలా తగువులాడుకుని, మధ్యాహ్నం ఒకే పళ్లెంలో ముఢి పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుంటూ తినేవాళ్లం. ముఢి అంటే మరమరాలు. గంజాం జిల్లాలో పుట్టి అది తెలియదంటే నేను నమ్మను.

ఒక వేసవిలో మా సముద్రం ఒడ్డు ఊరు రామయ్యపట్నం నుంచి ఒకావిడ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. గోనెసంచిలో చుట్టిన స్పీకరును బల్ల మీద పెట్టి విప్పితే, దుకాణమంతా ఎండుచేపల వాసన. యజమాని ముక్కు మూసుకుని లోపలికి వెళ్లిపోయాడు. అంతకు ముందు ఒకసారి కూడా వాళ్ల ఊరికి మేం కట్టిచ్చిన జంట పెట్టెల స్పీకరే చిరిగి వచ్చింది, మేమే బాగుచేసి పంపాం. ఇది రెండోసారి.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఏటా చేపల వేట నిషేధం తీరిన పొద్దున వాళ్ల ఊళ్లో గంగమ్మ తల్లి ముందు పెద్ద డోలు కొడతారు. ఆ డోలు మాట చెవిన పడందే ఏ ఇంటివాళ్లూ పడవను నీళ్లలోకి తొయ్యరు. ఒకప్పుడు ఊరు చిన్నది, డోలు అందరికీ వినపడేది. ఇప్పుడు ఇళ్లు ఒడ్డు పొడుగునా సాగిపోయాయి. చివరి గుడిసెలవాళ్లకు వినపడదు. ఒక ఏడాది వాళ్లు వినకుండానే పడవ తోస్తే అలకు తిరగబడిందట. మనుషులు దక్కారు గాని, అప్పటినుంచి మాక్కూడా డోలు వినిపించాల్సిందేనని పట్టుబట్టారు. అందుకని ఊరు కలిసి సౌండు సెట్టు ఒకటి కొంది. దాన్ని చూసుకునే పని ఈమె భర్తకు అప్పగించింది. అతనికి వల లాగే యంత్రంలో పడి కుడి భుజం విరిగింది, ఇంక వేటకు పనికిరాడు.

కిందటేడు డోలు మొదలెట్టగానే కోను చిరిగిపోయింది. ఈ ఏడు ముందుగా సరిచూద్దామని ఒడ్డున పెడితే మళ్లీ చిరిగింది. ఇంకోసారి ఇలా అయితే సెట్టు వేరేవాళ్ల చేతికిస్తామని ఊరి పెద్దలు చెప్పేశారు. ఇంతలో సూరత్‌లో ఉన్న బంధువొకడు అక్కడ కాపలా పని చూశాడట.

"ఇక్కడ ఈ పనుంటే నలుగురిలో మనిసిలాగ ఉంటాడు మేస్తిరి బావూ. సూరత్ రైలెక్కితే మరి తిరిగి రాడు, నాకు తెలుసు" అంది ఆమె. ఏడవలేదు. గోనెసంచిని మడతపెట్టుకుంటూ అంది.

మా కొడల మనిషి స్పీకరును విప్పి చూశాడు. చచ్చిన స్పీకరును చూసి అది ఎలా చచ్చిందో చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. సౌండు మరీ ఎక్కువ పెడితే కాయిలు కాలి నల్లబడుతుంది. దీని కాయిలు కొత్త బిందెలా మెరుస్తోంది. కాని అడుగు నలిగింది, కోనును నడుమ పట్టి ఉంచే గుడ్డ చిరిగింది. ఇది కాలి చావలేదు భాయ్, గెంతి గెంతి చచ్చింది అన్నాడు. పెళ్లిలో పెట్టినప్పుడు కూడా చిరిగిందా అని నేను ఆమెను అడిగాను. లేదట. పెళ్లిళ్లలో పాటలు బాగానే వస్తాయట. ఒడ్డు మీద, డోలుకి మైకు పెట్టినప్పుడే ఈ తంటా అంది.

యజమాని, ఆ ఊళ్లోవాళ్లకు వాడుకోవడం చేతకాదు, కొత్త కోను వేసి పంపెయ్యమన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను కట్టిన పెట్టె రెండుసార్లు చెడిందంటే నాకు నిద్ర పట్టదు. ఎల్లి చూసొస్తానని పట్టుబట్టాను. చివరికి యజమాని విసుక్కుంటూ హవు, సరే, ఎల్లు అన్నాడు. స్పీకరు సిద్ధమయ్యాక నేనే పట్టుకెళ్లాను. మర్నాడు పొద్దున్నే పడవలు దిగాలి. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది.

వాళ్ల ఇంటి గుమ్మం పక్కనే కొత్త సంచి ఒకటి, నిండా సర్ది, జిప్పు వేసి ఉంది. ఎవరిదని అడగలేదు, అడగాల్సిన పని లేదు. భర్త నెమ్మది మనిషి. ఎడం చేత్తోనే కుర్చీ జరిపి, టీ అందించాడు. పెట్టెలు చూపించమన్నాను. పక్క పాకలో తార్పాలిన్ కప్పి భద్రంగా పెట్టాడు. కప్పు తీశాను.

రెండు పెట్టెల కళ్లూ పూడ్చేశాడు. గొట్టాల్లో చెక్క బిళ్లలు దింపి, చుట్టూ దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోసి, చెక్కపడవ అతుకులు పూడ్చినట్టు నున్నగా పూడ్చేశాడు. నా నోట్లోంచి అప్పుడు వచ్చిన మాటలు ఇక్కడ రాయను, అచ్చువేసేవాళ్లకు పిల్లలున్నారు. పెట్టెకు ఊపిరే అక్కడ, నువ్వు పీక నొక్కేశావు అని అరిచాను. నా పెట్టెను పడవ అనుకున్నావా అని కూడా అన్నాను. అతను కోపం తెచ్చుకోలేదు. 

"సెక్కకి సిల్లుంటే ఒగ్గీగలమేటి మేస్తిరీ? అందలోంచి ఇసక, ఉప్పు గాలి దూరి కోను సింపేస్తన్నాది అనుకున్నాను. పూడ్సీసినాను" అన్నాడు.

పోనీ, పూడ్చాక చిరిగిందా అని అడిగాను. రెండో పెట్టె స్పీకరు బాగానే ఉందట, చిరగలేదట. కాని డోలు మాటలో బరువు పోయిందట. సెట్టులో పై స్వరాలు పలికే హార్న్ స్పీకర్లలోంచి కర్ర తగిలిన టకటక మాత్రం దూరం పోతోంది, అడుగున ఉండే ధుమ్ పోవడం లేదు. ఊరి పెద్దాయన విని, ఇది డోలు మాట కాదు, రేకు డబ్బా మాట, దీన్ని నమ్ముకుని పడవ తొయ్యమా అన్నాడట.

పెట్టెలు ఒడ్డుకు తీయించాను. తెచ్చిన స్పీకరును మొదటి పెట్టెలో బిగించాను. ఉలి, సుత్తి తీసుకుని మొదటి పెట్టె కళ్లు రెండూ తెరిచాను. రెండోదానికి ఒక కన్ను తెరిచేసరికే నా చేతులు పడిపోయాయి. ఏం గుగ్గిలమో గాని, రాయి కన్నా గట్టిగా ఉంది. రెండో కన్ను తర్వాత చూద్దామని వదిలేశాను. డోలు ముందు మైకు నిలబెట్టి, సెట్టు వేశాం. డోలు కొట్టే మనిషి ఇంకా రాలేదు.

అప్పుడు చూశాను. ఎవరూ ఏమీ వాయించడం లేదు. స్పీకర్లలోంచి చప్పుడంటూ ఏమీ లేదు. కాని కోనులు లోపలికీ బయటికీ తెగ ఊగిపోతున్నాయి, మొదటి పెట్టెది మరీను. వెంటనే సౌండు తగ్గించేశాను. వైరు చూశాను, యాంప్లిఫయరు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. కొంచెం పెంచితే మళ్లీ ఊపు. మా దుకాణంలో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

ఏటైంది బావూ అంటూ ఆవిడ మైకు పక్కకి వచ్చి నిలబడింది, సముద్రానికి వీపు పెట్టి. ఊపు ఠక్కున ఆగిపోయింది. ఆవిడ ఒకడుగు జరిగితే మళ్లీ ఊపు మొదలైంది.

"అమ్మా, నువ్వు కదలకు. అక్కడే ఉండు" అన్నాను.

గాలి. మధ్యాహ్నం సముద్రం మీంచి కొట్టే గాలి మైకు మూతిని ఊదుతోంది. ఆ ఊదుడు మన చెవికి అందనంత కింది స్వరం. పెట్టె శ్రుతికి ఎంతో కింద. నేను గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. కోనును పట్టి ఉంచేవాళ్లు లేరు. అది గెంతుతూనే ఉంటుంది, పైకి వినపడదు. ఆ గెంతుడు మీద డోలు దెబ్బ కూడా పడితే చిరగక ఏం చేస్తుంది? పెళ్లిలో ఫోనులోంచి పాట వస్తుంది, ఫోనుకి గాలి తగలదు. దుకాణంలో నాలుగు గోడల మధ్య గాలెక్కడిది? కళ్లు పూడ్చినప్పుడు ఎందుకు చిరగలేదో కూడా అర్థమైంది. మూసిన పెట్టెలో లోపలి గాలికి పోవడానికి దారి లేదు, అది ఎంత కింది స్వరానికైనా కోనును పట్టి ఉంచుతుంది. బరువైన మాట రాదు, అంతే. ఇప్పటి యాంప్లిఫయర్లలో ఆ అడుగు స్వరాలను కోసేసే మీట ఉంటుంది, బాబూ, దాన్ని వాడండి. వాళ్ల యాంప్లిఫయరులో అది లేదు.

మైకుకు మందపాటి తువ్వాలు మడతలు పెట్టి చుట్టాం. డోలును, మైకును ఒక పెద్ద పడవ చాటుకు జరిపాం. కోను ఊపు చాలావరకు తగ్గింది. ఇంతలో డోలు కొట్టే ముసలాయన వచ్చి, చొక్కా తీసి పడవ మీద వేసి, ఒక్క దెబ్బ కొట్టాడు. మొదటి పెట్టె కోను ఎగిరిపడింది. గాలి ఒక్కటే కాదు దొంగ. ఆ డోలు గొంతు కూడా మా పెళ్లి పాటల శ్రుతి కన్నా కిందే ఉంది.

అలవాటుగా రెండో పెట్టె వైపు చూశాను. దాని కోను బుద్ధిగా కూర్చుని ఉంది. ముసలాయన్ని మళ్లీ కొట్టమన్నాను. మొదటిది ఎగురుతోంది, రెండోది చిన్నగా వణికి ఊరుకుంటోంది. ఆ రెండో పెట్టె తెరిచిన కంటి ముందు చెయ్యి పెడితే, దెబ్బ దెబ్బకీ గాలి అరచేతిని తోస్తోంది. ఒక కన్ను తెరిచి, ఒక కన్ను మూసిన పెట్టె అది. నోరు సగమైంది, శ్రుతి కిందికి దిగింది, దిగి డోలు గొంతును అందుకుంది. నాకు తెలిసిన లెక్కే. కాని పొడుగు గొట్టాలు తేలేదే, ఇప్పుడు బరంపురం ఎలా పోను అని దిక్కులు చూస్తున్నానే తప్ప, ఉన్న రెంటిలో ఒకటి మూస్తే సరిపోతుందన్నది తట్టలేదు.

సరిచూడకుండా నమ్మే అలవాటు నాకు లేదు. ఆవిడను ఇంట్లో ముఢి ఉంటే తెమ్మన్నాను. రెండో పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, కోను మీద గుప్పెడు మరమరాలు చల్లాను. ఫోనులోంచి ఒక్కో స్వరం వినిపిస్తూ కిందికి దించుకుంటూ వచ్చాను. మరమరాలు వేపుడు మూకుట్లోలా ఎగిరాయి. దించుతూ దించుతూ ఒకచోటికి వచ్చేసరికి, ఎగరడం మానేసి కోను మీద సద్దుమణిగాయి. అదే సమయంలో తెరిచిన కన్ను మీదుగా పట్టిన తువ్వాలు జెండాలా రెపరెపలాడింది. అదీ శ్రుతి అంటే. కుర్రాళ్లూ, మీ ఫోను మీకు అంకె చెబుతుంది. మరమరాలు వేసి ఒకసారి కళ్లతో చూడండి, జన్మలో మరిచిపోరు.

ఇక మిగిలింది మొదటి పెట్టె. నేను ఇంత కష్టపడి తెరిచిన కన్ను ఒకటి మళ్లీ పూడ్చాలి. చుట్టూ చేరినవాళ్లందరూ నా మొహమే చూస్తున్నారు. ఆ భర్త దగ్గరికి వెళ్లి, నీ గుగ్గిలం ఇంకా ఉందా అని అడిగాను.

"ఉంది. ఈపాలి తిట్టవు గదా?" అన్నాడు.

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. అతను ఎడం చేత్తో దూది కూరుతుంటే, ఆవిడ గుగ్గిలం పోసింది. చూస్తూ కూర్చున్నాను. గాలి సందంటూ లేకుండా పెట్టె అతకడం నా విద్య అనుకునేవాణ్ని. అతని అతుకు నాకంటే నున్నగా ఉంది.

తెల్లారాక ఒడ్డంతా జనం. పడవలకు పసుపు, కుంకుమ, వేపకొమ్మలు. అందరూ చేతులు పడవల మీద వేసి నిలబడి ఉన్నారు. ఆవిడ మా దగ్గర ఉండలేదు. అక్కడ వినపడిందో లేదో నానే ఇంటాను అని చివరి గుడిసెల వైపు ఇసుకలో నడిచి వెళ్లిపోయింది. భర్త యాంప్లిఫయరు ముందు కూర్చున్నాడు. ఊరి పెద్దాయన చేతులు కట్టుకుని, డబ్బా మాట ఎప్పుడు వస్తుందా అన్నట్టు నిలబడ్డాడు.

ముసలాయన డోలు కొట్టాడు. నేను అటు చూడలేదు, కోనులు చూశాను. రెండూ నిమ్మళంగా ఉన్నాయి. కాళ్ల కింద ఇసుక మాత్రం అదిరింది. మళ్లీ కొట్టాడు. పెద్దాయన లుంగీ ఎగగట్టి, తన పడవ దగ్గరికి నడిచి, వీపు ఆనించి తోయడం మొదలుపెట్టాడు. మా పక్క పడవలన్నీ కదిలాయి. కాని నాకు కావలసింది ఇవి కాదు. భర్తకు కూడా అంతే. ఇద్దరం ఒడ్డు చివరికే చూస్తున్నాం. అక్కడ పడవలు కదలడం లేదు. డోలు మోగుతూనే ఉంది. భర్త సౌండు మీట మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. పెంచు అన్నాను. పెంచాడు. కోనులు నిలిచాయి. అప్పుడు దూరంగా, ఎర్ర గుడ్డ కట్టిన పడవ ముక్కు ఒకటి అల మీదికి లేచింది. దాని వెనకే ఇంకొకటి. చివరి పడవ కూడా నీళ్లలో పడ్డాక గాని అతను మీట మీంచి చెయ్యి తియ్యలేదు. తీసి, మొహం తువ్వాలులో దాచుకున్నాడు. నేను సముద్రం చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ వెనక్కి వచ్చేసరికి ఎండెక్కింది. మొహం అంతా వెలుగే. "సెవికన్నా ముందు కాళ్లకి తెలిసింది బావూ" అంది. అక్కడి ఆడవాళ్లు చెప్పులు విప్పి మరీ నిలబడ్డారట.

దుకాణానికి వెళ్లి ఇదంతా చెబితే, కొడల మనిషి, నీ పెట్టె తప్పే అని నేను ఎప్పుడో చెప్పాను అన్నాడు. గమ్ము సంగతి తర్వాత మాట్లాడదాం అన్నాను. అప్పటినుంచి ఒడ్డు ఊళ్లకు వెళ్లే పెట్టెలన్నింటికీ ఒక కన్నుకు బిగువైన మూత చేసి ఇవ్వడం మొదలుపెట్టాను. పాటలకు తీసి వాడుకోవాలి, డోలుకు మూసుకోవాలి. యజమాని మొదట గొణిగాడు, తర్వాత అది తన ఆలోచనేనని అందరికీ చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

మరుసటేడు వేట మొదలయ్యే రోజుకు నన్ను పిలిచారు. వెళ్లాను. గుమ్మం పక్కన ఆ కొత్త సంచి లేదు. లోపల గోడకు మేకుకు వేలాడుతోంది, జిప్పు తెరిచే ఉంది. మైకు వైర్లు, మూతలు, మైకుకు చుట్టే తువ్వాలు, ఆఖరికి గుగ్గిలం డబ్బా కూడా అందులోనే సర్దాడు. నేను దానివైపు చూడడం ఆవిడ చూసింది.

"సేపల సంతకి ఒకపాలి ఇమ్మంటే ఇయ్యడు బావూ" అంది. "అది సౌండు సంచట."